దూరమిత్రులతో సహపాకము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీలో కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. దేశాంతరములందున్న మిత్రులను సెల్‌ఫోనులో ఎదుట నిలుపుకొని, వారును తామును ఒకే వేళ ఒకే వంటకమును వండుకొనుచు, ఆ మిషతో భార్యాభర్తలు ఒకరికొకరు దగ్గరగుట యను క్రొత్త యాచారమొకటి మన పిల్లలలో వెలసినది. దీనిని మొదట చూచినపుడు నేనును నవ్వితిని. ఆ నవ్వు ఎట్లు మానితినో మీకు విన్నవింపదలచితిని.

2020 వ సంవత్సరము మార్చి 25 వ తేదీ శార్వరి నామ సంవత్సరపు ఉగాది. పండుగకని నేనును నా భార్యయు నాలుగు దినములు ముందుగా హైదరాబాదులోని మా కుమారుని యింటికి పోయితిమి. కరోనా వ్యాధి వ్యాపింపకుండుటకై సరిగా ఆ పండుగనాటి నుండియే దేశమంతటను రాకపోకలు నిలిపివేయబడినవి. మేమచ్చటనే చిక్కుకొంటిమి. పనిమనిషి వచ్చుట మానెను. కుమారుడొక గదిలో, కోడలొక గదిలో తలుపులు మూసికొని కంప్యూటర్ల ముందు తమ తమ ఉద్యోగములు చేసికొనుచుండిరి. పగలును రాత్రియు ఒకే కప్పు క్రింద నుండియు వారు మాటలాడుకొనునది స్వల్పము. ఆ స్వల్పమును అంట్లెవరు తోమవలెను, పాలెవరు తేవలెను అను వాదమే. వారము గడచునప్పటికి ఆ వాదము కూడ ఆగిపోయినది. మాకు దిగులు పట్టుకొన్నది. నడుమ కల్పించుకొందమన్న, పెద్దవారము పలికిన మాట ఏదో యొక పక్షమునకు తగులకపోదు.

మావాని చిన్ననాటి స్నేహితులిద్దరిలో ఒకడు అమెరికాలోని డల్లాసులోను, ఒకడు లండనులోను కాపురముండిరి. వారిలో డల్లాసువాడు "ఆదివారం అందరం కలిసి పులిహోర చేద్దాంరా, మీ ఆవిడ కూడా ఉండాలి" అని కబురంపెను. ఆ వేసవి దినములలో మనకు రాత్రి ఏడున్నర యగునప్పటికి లండనులో మధ్యాహ్నము మూడు గంటలు, డల్లాసులో ఉదయము తొమ్మిది గంటలు. ఒకరికి భోజనము, ఒకరికి చిరుతిండి, ఒకరికి ప్రొద్దుటి ఫలహారము. మూడు వేళలకును పొసగునది గనుకనే పులిహోర నెంచిరి.

ఈ వీడియో కాలు పనిచేయు విధమును రెండు మాటలలో చెప్పెదను. ఫోనులోని కెమెరా సెకనుకు ఇరువది ముప్పది బొమ్మల చొప్పున తీయును. ఆ బొమ్మలును, మన కంఠధ్వనియు అంకెలుగా మార్చబడును. ప్రతి బొమ్మను సాంతముగా పంపుట భారము గనుక, వెనుకటి బొమ్మకంటె మారిన భాగమునే చాలవరకు పంపుదురు. ఆ అంకెలు చిన్న చిన్న మూటలుగా కట్టబడి, సముద్రగర్భమున పరచిన గాజుతీగెలలో వెలుగురూపమున పరుగెత్తి, ఆవలి ఫోనులో మరల బొమ్మగను మాటగను కూడుకొనును. ఇంతయు జరుగుటకు సెకనులో కొంత భాగము మాత్రమే పట్టును. ఆ కొద్ది ఆలస్యము వలననే ఇద్దరొక్కసారి మాటలాడినచో ఇద్దరి మాటయు చెడును. కావున ఒకరు పలుకునపుడు తక్కినవారు ఊరకుండుట అలవడును. మన యిండ్లలో ఇది యెంత అరుదో మీరెరుగుదురు.

ఆ రాత్రి మావాడు ఫోనును పప్పుల డబ్బాకు ఆనించి పొయ్యికి ఎడముగా నిలిపెను. మూడు వంటయిండ్లు ఒక్క అద్దములో కనబడినవి. డల్లాసువాని భార్య పెద్దరికము వహించి, గ్లాసెడు బియ్యమునకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానవేయుమనెను. ఎవరి గ్లాసు వారిదే. అన్నిటికిని దానినే కొలతగా గొన్నచో పాళ్లు చెడవు. అన్నము పలుకుగా వండి, పళ్లెములో ఆరబోసి, పసుపును నూనెయు కలిపిరి. చింతపండు పులుసును పచ్చిమిరపకాయలతో చిక్కబడి నూనె తేలువరకు ఉడికించిరి. ఆవాలు, సెనగపప్పు, మినపప్పు, వేరుసెనగ పలుకులు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువలతో పోపు పెట్టిరి. సావడిలో కూర్చున్న నేను "సముద్రముల కావల నుండి పులిహోర నేర్చుకొనవలసిన కాలము వచ్చె" నని నా భార్యతో పరిహాసమాడితిని.

అంతలో లండనువాడు "ఒరే, మీ పులుపు సరిపోయిందా?" అని అడిగెను. మావాడు గరిటె పట్టుకొని నిలిచిపోయెను. ఫోను రూపమును చూపును, ధ్వనిని వినిపించును. వాసనను, రుచిని మోయలేదు. ఆ ప్రశ్నకు స్నేహితులెవ్వరును అతనికి సాయపడలేరు. అతడు కొంచెము అన్నము తీసి, ప్రక్కన కూరలు తరుగుచున్న భార్య అరచేతిలో వేసెను. ఆమె నోట వేసికొని, "ఉప్పు తక్కువైంది. పులుపు బాగుంది" అనెను. మూడు దినములలో ఆమె అతనితో పలికిన మొదటి పలుకు అదియే. అతడు ఉప్పు వేసి మరల ఆమె చేతిలో పెట్టెను. ఈసారి ఆమె తలయూపి, కొంత తీసి అతని నోటి కందించెను. ఫోనులోనివారు చప్పట్లు కొట్టిరి. నా భార్య కొంగుతో కన్నులొత్తుకొనెను. నా పరిహాసము నా గొంతులోనే నిలిచిపోయెను.

ఇందలి కీలకము నాకానాడు బోధపడినది. దూరముననున్న మిత్రులు దంపతులను వంటయింటికి పిలిచి తెత్తురు. నలుగురి యెదుట వాదులాడుటకు సిగ్గుపడుదురు; చేతులకు పని యుండుటచే మౌనము కూడ భారముగా తోపదు. చేసిన పని నలుగురి కంటబడును గనుక, ఇన్నాళ్లు ఒక్కతె చాటున చేసిన చాకిరి ఎంతటిదో రెండవవానికి తెలియును. కాని తుదకు రుచి చూచువేళ మిత్రులు అద్దములోనే నిలిచిపోవుదురు. ఆ ముద్ద మంచిచెడ్డలు చెప్పగలది ప్రక్కన నిలిచిన మనిషి యొక్కతెయే. మన వివాహములలో సప్తపదియందలి మొదటి యడుగు అన్నము కొరకేనని పురోహితులు చెప్పగా వినియుంటిని. దాని భావమును వంటయింటి గడప కడ నేర్చుకొంటిని.

మగవారికి వంట తగదని మీలో నెవరైన నందురేమో! మనము మెచ్చిన వంటకు నలభీమపాకమని పేరు పెట్టితిమి. విరాటుని కొలువున భీముడు వలలుడై గరిటె పట్టెను. అందువలన అతని గదకు కొరత కలుగలేదు.

కలహములన్నియు పులిహోరతో తీరునని నేను చెప్పను. ఆ దంపతులకు తరువాతను మాటపట్టింపులు కలిగినవి. ఆదివారపు వంటతో తృప్తిపడి, తక్కిన ఆరు దినములు చాకిరి యంతయు ఒక్కరిపై వేసినచో ఇది వట్టి వేడుక యగును. మావాడు ఆనాటి నుండి రాత్రి అంట్లు తన పాలికి తీసికొనెను. నాకు ముఖ్యముగా తోచినది అది.

రాకపోకలు సాగిన పిమ్మట మేము మా యూరు చేరితిమి. వివాహమైన నలువది రెండేండ్లలో నేను వంటను గూర్చి పలికినది ఉప్పు తక్కువ యనియో, కారమెక్కువ యనియో మాత్రమే. అదియును కంచము ముందు కూర్చుండి. నా భార్యకు మోకాళ్ల నొప్పి. ఒకనాడు విశాఖపట్టణమున నున్న నా పాతమిత్రునికి ఫోను చేసి, ఇరువురము భార్యల యెదుట గుత్తివంకాయ కూర వండుదమని పందెము వేసికొంటిమి. నా భార్య కుర్చీలో కూర్చుండి చెప్పుచుండగా నేను కాయలను తొడిమ విడకుండ నాలుగు పక్షములుగా చీల్చి, కారము కూరితిని. రెండు కాయలు విరిగినవి, పోపు కొంత మాడినది. ముద్ద నోట పెట్టుకొని ఆమె చాలసేపు ఏమియు అనలేదు. నలువది రెండేండ్లు ఆమె నా తీర్పునకై ఎట్లు కాచుకొనియుండెనో ఆ క్షణమున నాకు తెలిసినది. తుదకు "బాగానే వచ్చిందండీ" అనెను. కూర అంత బాగుగా లేదని నాకును తెలియును.

పెద్దలారా, మీ మనుమలచేత ఫోను నిలుపుట నేర్చుకొనుడు. దానిని మంటకును నీటికిని ఎడముగా నుంచుడు. దినుసులు ముందుగా సమకూర్చుకొనుడు. మొదట సులభమైన వంటకమునే పట్టుడు. దూరపు స్నేహితునొకని పిలువుడు. రుచి చూచువేళ మాత్రము ప్రక్కకు తిరుగుడు.