రెండు కార్డులు చాలు, ఒకటి మీ పేరున

పార్సిప్పనీలో శనివారం ఎలా గడుస్తుందో మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే పిల్లల్ని డాన్సు క్లాసులో దింపాలి. రూట్ 46 మీద షాప్‌రైట్‌లో పాలు, పండ్లు కొనాలి. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు, దొండకాయలు, సోనా మసూరి బస్తా. ఓపికుంటే ఈస్ట్ హానోవర్ కాస్ట్‌కో. మధ్యలో కారుకి గ్యాస్. సాయంత్రం వంట చేసే ఓపిక ఉండదు కాబట్టి బయట దోసెలు.

ఇన్ని చోట్లా చాలామంది ఒకే కార్డు గీకేస్తారు. కొత్తలో ఏ బ్యాంకు ఇస్తే ఆ కార్డు తీసుకుని ఉంటారు, అదే ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది. ఇంకొందరి పర్సులో ఏడెనిమిది కార్డులుంటాయి. ఏ నెలలో ఏది ఎక్కడ వాడాలో కాగితం మీద రాసుకుని తిరుగుతుంటారు. ఈ రెండింటికీ మధ్య దారి ఒకటుంది. ఇంటి ఖర్చు చూసుకుని ఒకటి రెండు కార్డులు ఎంచుకోవడం, వాటిలో ఒకటైనా ఇల్లాలి పేరు మీదే ఉండేలా చూసుకోవడం. లెక్కలు చూద్దాం.

ముందు ఖర్చు, తర్వాత కార్డు

ఏ కార్డు మంచిదని అడిగేముందు పోయిన మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి, ఖర్చును ఆరు గంపల్లోకి పంచండి: అమెరికన్ సూపర్ మార్కెట్లు, ఇండియన్ స్టోర్, కాస్ట్‌కో, గ్యాస్ - టోల్, హోటళ్లు, మిగతావన్నీ. ఫోను, ఇంటర్నెట్, ఇన్సూరెన్సు, అమెజాన్, పిల్లల క్లాసులు ఆఖరి గంపలోకి వెళ్తాయి. అద్దె, ఇంటి లోను ఇందులో కలపకండి. వాటిని కార్డు మీద కడితే సాధారణంగా ఫీజు పడుతుంది, వచ్చే క్యాష్ బ్యాక్ కంటే పోయేదే ఎక్కువ.

ఒక ఉదాహరణ అనుకుందాం. నెలకు సూపర్ మార్కెట్లో 350 డాలర్లు, ఇండియన్ స్టోర్‌లో 250, కాస్ట్‌కోలో 250, గ్యాస్ - టోల్ 200, హోటళ్లు 200, మిగతావి 750. మొత్తం నెలకు 2,000, ఏడాదికి 24,000 డాలర్లు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి దారి: అన్నిటికీ 2 శాతం ఇచ్చే ఒకే కార్డు. వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్, సిటీ డబుల్ క్యాష్ ఈ రకానివే. ఏడాది ఫీజు లేదు. 24,000 మీద 480 డాలర్లు వస్తాయి. బుర్ర పెట్టాల్సిన పని లేదు. ఒక్క మెలిక మాత్రం ఉంది. కాస్ట్‌కో గిడ్డంగిలో వీసా కార్డే చెల్లుతుంది. 2016 జూన్ దాకా అక్కడ అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నడిచేది, ఆ తర్వాత వీసాకి మారారు. యాక్టివ్ క్యాష్ వీసా, డబుల్ క్యాష్ మాస్టర్ కార్డ్. అంటే రెండోది పట్టుకెళ్తే బండి నిండా సరుకు వేసుకుని కౌంటర్ దగ్గర ఆగిపోతారు.

రెండో దారి: 2 శాతం వీసాకి తోడు అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్లూ క్యాష్ ప్రిఫర్డ్. దీనికి ఏడాదికి 95 డాలర్ల ఫీజు. సూపర్ మార్కెట్లో ఏడాదికి మొదటి 6,000 డాలర్ల మీద 6 శాతం, ఆ పైన 1 శాతం. గ్యాస్, బస్సు, టోల్, పార్కింగ్ మీద 3 శాతం. మన ఉదాహరణలో సూపర్ మార్కెట్ ఏడాదికి 4,200, దాని మీద 252 డాలర్లు. గ్యాస్ - టోల్ 2,400 మీద 72. మిగిలిన 17,400 వీసా మీద పెడితే 348. మొత్తం 672, ఫీజు పోను 577. అంటే ఒకే కార్డు కంటే 97 డాలర్లు ఎక్కువ.

మూడో దారి: ఫీజు లేని జంట. 2 శాతం వీసాతో పాటు క్యాపిటల్ వన్ సేవర్. గ్రోసరీకీ, హోటళ్లకీ 3 శాతం. సూపర్ మార్కెట్ మీద 126, హోటళ్ల మీద 72, మిగతా 17,400 మీద 348. మొత్తం 546 డాలర్లు. రెండో దారి కంటే 31 డాలర్లు తక్కువ, కానీ ఫీజు గొడవ లేదు. పైగా ఇండియా వెళ్లినప్పుడు ఇది బాగా పనికొస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

ఫీజు కట్టి తీసుకోవాలా వద్దా అన్నదానికి చిన్న లెక్క ఉంది. 2 శాతం కార్డుతో పోలిస్తే బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ సూపర్ మార్కెట్లో 4 శాతం ఎక్కువ ఇస్తుంది. ఒక్క సూపర్ మార్కెట్ ఖర్చుతోనే 95 డాలర్లు రాబట్టాలంటే ఏడాదికి 2,375 డాలర్లు, అంటే నెలకు సుమారు 200 డాలర్ల సరుకు అక్కడ కొనాలి. మీ వంట సామాను చాలావరకు ఇండియన్ స్టోర్, కాస్ట్‌కోల నుంచే వస్తుంటే ఆ ఫీజు దండగ కావచ్చు.

ఇండియన్ స్టోర్ సూపర్ మార్కెట్టేనా?

మనకు గ్రోసరీ అంటే గ్రోసరీయే. బ్యాంకుకి అలా కాదు. కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ నాలుగంకెల కోడ్ ఉంటుంది. సూపర్ మార్కెట్‌కి 5411. ప్రత్యేక తిండి సరుకులు అమ్మే చిన్న దుకాణాలకు 5499. కాస్ట్‌కో లాంటి హోల్‌సేల్ క్లబ్బులకు 5300. హోటళ్లకు 5812. క్యాష్ బ్యాక్ ఈ కోడ్‌ని బట్టి పడుతుంది కానీ మీ సంచీలో ఏముందో చూసి కాదు. వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్‌లో బియ్యం, పప్పు మాత్రమే కొన్నా పైన చెప్పిన రెండు గ్రోసరీ కార్డులూ దాన్ని గ్రోసరీ కింద లెక్కపెట్టవు.

పక్కపక్కనే ఉన్న రెండు ఇండియన్ స్టోర్లలో ఒకదానికి 5411, రెండోదానికి 5499 ఉండొచ్చు. బోర్డు చూసి చెప్పలేం. పెద్దగా ఉంది కాబట్టి సూపర్ మార్కెట్టే అనుకోవడానికీ లేదు. లోపల టిఫిన్ కౌంటర్ ఉండి బిల్లు ఒకే చోట కొడితే ఇడ్లీ కూడా ఆ దుకాణం కోడ్ కిందికే పోతుంది.

తెలుసుకునే మార్గం సులువు. గ్రోసరీ కార్డుతో ఒక కొత్తిమీర కట్టో, పెరుగు డబ్బానో కొనండి. బిల్లు ఖాతాలో పడ్డాక ఆ కొనుగోలుకి ఎంత శాతం ఇచ్చారో యాప్‌లో చూడండి. ఎక్కువ శాతం పడితే ఇక నుంచి అక్కడ ఆ కార్డు, పడకపోతే 2 శాతం కార్డు. మన ఉదాహరణలో ఇండియన్ స్టోర్ కూడా సూపర్ మార్కెట్ కోడ్‌లోనే ఉంటే రెండో దారికి ఏడాదికి 72 డాలర్లు, మూడో దారికి 30 డాలర్లు అదనంగా కలుస్తాయి. కొత్తిమీర కట్టతో తేలిపోయే సంగతి ఇది.

గ్యాస్ బంకులో రెండు ధరలు

న్యూజెర్సీలో 1949 నుంచీ మన గ్యాస్ మనం కొట్టుకోవడానికి వీల్లేదు. అద్దం దించి కార్డు చేతికిస్తాం. ఆ తొందరలో బోర్డు మీద క్యాష్‌కి ఒక ధర, క్రెడిట్‌కి ఒక ధర ఉన్న సంగతి చూడం. క్యాష్ అయితే గ్యాలన్ 3.10, క్రెడిట్ అయితే 3.20 అనుకుందాం. 3.20 మీద 3 శాతం అంటే 9.6 సెంట్లు. తేడా 10 సెంట్లు. అంటే 3 శాతం కార్డు వాడినా కొంచెం నష్టమే, 2 శాతం కార్డు వాడితే ఇంకా నష్టం. కాస్ట్‌కో సిటీ వీసా మామూలు బంకుల్లో 4 శాతం, కాస్ట్‌కో బంకులో 5 శాతం ఇస్తుంది, ఏడాదికి 7,000 డాలర్ల ఖర్చు దాకా. దానితో అయితే లాభమే. కాకపోతే ఆ డబ్బు ఏడాదికి ఒక్కసారే, ఫిబ్రవరి స్టేట్‌మెంట్‌తో వస్తుంది.

ఇదే సూత్రం హోటళ్లకూ, నగల దుకాణాలకూ. ఓక్ ట్రీ రోడ్డుకి నగలకని వెళ్లి కార్డు ఇస్తే 3 శాతం అదనం అన్నారనుకోండి. మీ కార్డు ఇచ్చేది 2 శాతమైతే ఒక శాతం చేతినుంచి పోయినట్టే. 2023 ఆగస్టులో న్యూజెర్సీ చట్టం తెచ్చింది. కార్డుకని అదనంగా తీసుకునేవాళ్లు ఆ మాట ముందుగానే స్పష్టంగా చెప్పాలి, తమకయ్యే అసలు ఖర్చు కంటే ఎక్కువ వసూలు చేయకూడదు. బిల్లులో తెలియని లైను కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి.

ఇంకో మాట. కార్డు గీకిన ప్రతిసారీ అవతలివాళ్లు కొంత ఫీజు కట్టుకుంటారు. పిల్లలకు ఇంట్లోనే కూచిపూడి నేర్పే టీచరుకీ, గుడికీ ఇచ్చేటప్పుడు చెక్కో, జెల్లో వాడితే వాళ్లకు పూర్తి డబ్బు చేరుతుంది. మనకు పోయేది డాలరో రెండు డాలర్లో.

ఇండియా వెళ్లినప్పుడు

2 శాతం కార్డుల్లో చాలావాటికి విదేశీ లావాదేవీ ఫీజు 3 శాతం. పైన చెప్పిన యాక్టివ్ క్యాష్, డబుల్ క్యాష్ రెండిటికీ ఉంది. పెళ్లికని వెళ్లి 2 లక్షల రూపాయల చీరలు, నగలు ఆ కార్డు మీద కొంటే 6,000 రూపాయలు ఫీజు. వెనక్కి వచ్చేది 4,000. సేవర్‌కీ, కాస్ట్‌కో వీసాకీ, అమెజాన్ ప్రైమ్ వీసాకీ ఈ ఫీజు లేదు. కౌంటర్‌లో మెషీన్ డాలర్లా రూపాయలా అని అడిగితే రూపాయలే అనండి. డాలర్లు అంటే ఆ మారకం రేటు వాళ్లిష్టం.

ఇంటికి డబ్బు పంపే యాప్‌లలో క్రెడిట్ కార్డు వాడకండి. చాలా బ్యాంకులు దాన్ని నగదు తీసుకున్నట్టు లెక్కిస్తాయి. అప్పుడు క్యాష్ బ్యాక్ ఉండదు సరికదా, ఫీజు పడుతుంది, మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

కార్డు ఎవరి పేరున?

నా దృష్టిలో శాతాలన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇది. ఇంటి సరుకు కొనేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. కార్డు మాత్రం ఆయనది, ఆమె చేతిలో ఉన్నది దానికి అనుబంధ కార్డు. బిల్లులు సక్రమంగా కట్టినంతకాలం అది ఆమె క్రెడిట్ చరిత్రకు కూడా కొంత ఉపయోగమే. కానీ ఆ ఖాతా ఆయన మూసేస్తే, లేక ఆయనకేమన్నా అయితే, ఆ కార్డు ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ కావాలన్నా, కారు లోను కావాలన్నా తన పేరున ఏమీ లేని మనిషిగా మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. అది కూడా అన్నిటికంటే కష్టమైన రోజుల్లో.

అమెరికాలో ఆడవాళ్లకు భర్త సంతకం లేకుండా అప్పు ఇవ్వననే బ్యాంకుకి అడ్డుకట్ట వేసిన చట్టం వచ్చింది 1974లో. 2013లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ నిబంధన మార్చి ఇంకో తలుపు తీసింది. 21 ఏళ్లు నిండినవారు తమ జీతమే కాకుండా తాము వాడుకోగలిగే ఇంటి ఆదాయాన్ని కూడా అప్లికేషన్‌లో చూపించవచ్చు. కాబట్టి ఉద్యోగం లేదు కదా అని ఆగాల్సిన పని లేదు. జాయింట్ ఖాతాలో పడే భర్త జీతం ఇలాంటి ఆదాయమే.

హెచ్-4 మీద ఉండి పని అనుమతి వచ్చినవాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటుంది కాబట్టి మిగతావాళ్లలాగే అప్లై చేయవచ్చు. ఆ అనుమతి లేనివాళ్లకు ట్యాక్స్ రిటర్నుతో పాటు డబ్ల్యూ-7 ఫారం పెట్టి తీసుకున్న ఐటిన్ నంబరు ఉంటే, క్యాపిటల్ వన్ లాంటి కొన్ని బ్యాంకులు దాని మీద కూడా అప్లికేషన్ తీసుకుంటాయి. మొదట్లో తిరస్కరిస్తే 200 డాలర్ల డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకోండి. దాన్ని గ్యాస్‌కో, ఫోను బిల్లుకో వాడి నెలనెలా మొత్తం కట్టేస్తుంటే చరిత్ర దానంతటదే పెరుగుతుంది. ఆ తర్వాత మంచి క్యాష్ బ్యాక్ కార్డుకి వెళ్లవచ్చు.

వడ్డీ పడితే అంతా వృథా

ఈ లెక్కలన్నీ నెల బిల్లు పూర్తిగా కట్టేవారికే. కార్డు వడ్డీ ఇప్పుడు సగటున ఏడాదికి 20 శాతం పైనే ఉంది. 21 శాతం చొప్పున 3,000 డాలర్లు మిగిల్చుకుంటే నెలకు 52 డాలర్ల పైన వడ్డీ. రెండు నెలల్లో, రెండో కార్డు తెచ్చిన 97 డాలర్లూ హరీ. కుబేరుడి అప్పు తీర్చడానికి వడ్డీకాసులవాడికే యుగాలు పడుతోంది, మనమెంత! బాకీ ఉన్నవాళ్లు ముందు అది తీర్చండి, క్యాష్ బ్యాక్ సంగతి తర్వాత.

మూడు నెలలకోసారి విభాగం మారే 5 శాతం కార్డుల మీద మోజు పడేవారికి కూడా ఒక లెక్క. డిస్కవర్, చేజ్ ఫ్రీడమ్ ఫ్లెక్స్ రెండిటిలోనూ మూడు నెలలకు 1,500 డాలర్ల ఖర్చు వరకే ఆ 5 శాతం. ప్రతిసారీ గుర్తుపెట్టుకుని యాక్టివేట్ చేయాలి. 2 శాతం కార్డు కంటే ఒక్కో కార్డు మీద ఏడాదికి అదనంగా వచ్చేది, అన్నీ కలిసొస్తే, 180 డాలర్లు. సరదా ఉన్నవాళ్లకు పరవాలేదు. లేనివాళ్లకు కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

బ్యాంకులు షరతులు మారుస్తుంటాయి కాబట్టి అప్లై చేసేముందు శాతం, పరిమితి, ఏడాది ఫీజు, విదేశీ ఫీజు నాలుగూ బ్యాంకు సైటులో సరిచూసుకోండి. కార్డు రాగానే మొత్తం బిల్లుకి ఆటోపే పెట్టండి. ఏడాదికోసారి, ట్యాక్స్ కాగితాలు తీసే రోజుల్లో, ఆరు గంపల లెక్క మళ్లీ వేయండి. పిల్లలు పెరుగుతారు, ఉద్యోగాలు మారతాయి, ఖర్చు ఒక గంపలోంచి ఇంకో గంపలోకి పోతుంది. దాన్ని బట్టి కార్డు మార్చుకోవచ్చు. మీ పేరున తెరిచిన మొదటి కార్డుకి ఫీజు లేకపోతే మాత్రం దాన్ని మూయకండి. నెలకో చిన్న బిల్లు దాని మీద పెట్టి అలాగే ఉంచండి.