తొలి గంట లెక్క

2023 మార్చి 15న జర్మనీ ప్రభుత్వం ఒక వెబ్‌సైట్ తెరిచింది. కరెంటు, గ్యాస్ ధరలు మండిపోతున్న ఆ ఏడాది విద్యార్థి ఒక్కొక్కరికీ 200 యూరోలు ఇచ్చే పథకానికి దరఖాస్తులు తీసుకునే సైటు అది. అర్హులు సుమారు 35 లక్షల మంది. 2022 డిసెంబర్ 1 నాటికి అక్కడి కాలేజీలో పేరు నమోదై, జర్మనీలో నివాసముంటే చాలు, ఏ దేశం వాళ్ళయినా సరే. ఆ విద్యా సంవత్సరంలోనే అక్కడ భారతీయ విద్యార్థుల సంఖ్య 42 వేలు దాటి చైనాను మించిపోయింది. వాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. అందరికీ సైటు ఒక్కటే. గడువు సెప్టెంబర్ 30.

ఒక సైటు ఎంత రద్దీని తట్టుకుంటుందో చూసే లోడ్ టెస్టింగ్ నేర్చుకోవాలనుకునే వాళ్ళు ఏ టూల్ వాడాలని ముందుగా అడుగుతారు. నేనైతే ఈ సైటును ముందు పెట్టి, కాగితం మీద లెక్క వేయమంటాను.

మార్చి 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా సరిగ్గా 200 రోజులు. 35 లక్షలను 200తో భాగిస్తే రోజుకు 17,500 దరఖాస్తులు. సెకనుకు 0.2, అంటే అయిదు సెకన్లకు ఒకటి. ఈ అంకె చూస్తే పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడిపేయవచ్చనిపిస్తుంది.

కానీ చేతికి రావలసిన డబ్బు కోసం ఆగస్టు దాకా ఎవరు ఆగుతారు? పదిమందిలో ఒకరు తొలి గంటలోనే వస్తారనుకుందాం. ఇది అంచనా కోసం నేను పెట్టుకున్న అంకె. మూడున్నర లక్షల మందిని 3,600 సెకన్లకు పంచితే సెకనుకు 97 మంది. సగటుకు ఇది 480 రెట్లు. ఒక్కొక్కరు ఫారం పూర్తిచేసేలోగా సర్వర్‌ను 15 సార్లు పలకరిస్తారనుకుంటే, సెకనుకు దాదాపు 1,450 రిక్వెస్టులు. సైటు కట్టేవాళ్ళు తట్టుకోవాల్సింది ఈ అంకెను. అయిదు సెకన్లకు ఒకటన్న సగటు ఖర్చుల పద్దు రాసేవాళ్ళకు పనికొస్తుంది, ఇంజనీరుకు కాదు.

ఇంకో అంకె కూడా తీయాలి: ఒకే సమయంలో లోపల ఎంతమంది ఉంటారు? 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. సెకనుకు వచ్చేవాళ్ళ సంఖ్యను ఒక్కొక్కరు లోపల గడిపే సమయంతో గుణిస్తే, లోపలున్న వాళ్ళ సంఖ్య వస్తుంది. ఫారం నింపడానికి పది నిమిషాలు పడితే, 97 × 600 = 58,200 మంది. సైటు నెమ్మదించి అదే పనికి ఇరవై నిమిషాలు పట్టిందంటే లోపలి జనం లక్ష దాటుతారు. కొత్తగా వచ్చేవాళ్ళు ఒక్కరు కూడా పెరగకుండానే గుంపు రెట్టింపవుతుంది. సర్వర్లు మెల్లమెల్లగా కాక ఒక్కసారిగా కూలిపోయినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

ఆ పోర్టల్‌ను తయారుచేసిన సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రం ఈ రద్దీని ఊహించకపోలేదు. ముందే కొన్ని విద్యాసంస్థల్లో ప్రయోగాత్మకంగా నడిపి చూశారు. గుంపు ఎక్కువైతే వరుసలో నిలబెట్టే ఆన్‌లైన్ వెయిటింగ్ రూమ్ కూడా పెట్టారు. అయితే దరఖాస్తు చేయాలంటే ముందు బుండ్‌ఐడి అనే ఖాతాతో లాగిన్ కావాల్సి వచ్చేది. అది అప్పట్లో కేంద్ర హోంశాఖ నడిపిన వేరే వ్యవస్థ. తొలిరోజు తాకిడికి అది తడబడింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే. మనం కట్టిన సైటును ఎంత పరీక్షించినా, దాని దారిలో ఉన్న పక్కవాళ్ళ లాగిన్‌నో, పేమెంట్ గేట్‌వేనో, ఎస్సెమ్మెస్ పంపే సంస్థనో పరీక్షలో కలపకపోతే సగం దారే పరీక్షించినట్టు. సంక్రాంతి ముందురోజు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డును ఎన్ని వరుసలు వెడల్పు చేసినా, పంతంగి టోల్ ప్లాజా దగ్గర గంటకు ఎన్ని బళ్ళు దాటితే అన్నే ముందుకు వెళ్తాయి. బాటిల్‌నెక్ అంటే ఆ టోల్ ప్లాజా.

సాఫ్ట్‌వేర్‌లో టోల్ ప్లాజా చాలాసార్లు డేటాబేస్ దగ్గర ఉంటుంది. డేటాబేస్‌కు 50 కనెక్షన్లు ఇచ్చారు, ఒక్కో రిక్వెస్టు ఒక కనెక్షన్‌ను 100 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది అనుకోండి. సెకనుకు 500 రిక్వెస్టులు, అంతకు మించి ఒక్కటి కూడా దాటదు. ఒక టేబుల్‌కు ఇండెక్స్ పెట్టడం మరిచిపోతే అదే క్వెరీకి 500 మిల్లీసెకన్లు పట్టవచ్చు, అప్పుడు సెకనుకు 100. ఇలాంటి చోట వెబ్ సర్వర్లను నాలుగు నుంచి ఎనిమిదికి పెంచితే ఒరిగేదేమీ లేదు, డేటాబేస్ గుమ్మం ముందు వరుస పొడుగవుతుంది అంతే. పరీక్ష నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ 30 శాతం దగ్గర తీరిగ్గా ఉండి, స్పందన సమయం మాత్రం పెరిగిపోతుంటే నేను ముందు చూసేది ఈ కనెక్షన్లనే.

ఏదీ నూటికి నూరు శాతం నిండేదాకా ఆగకూడదు కూడా. క్యూ సిద్ధాంతంలోని అతి సరళమైన లెక్క ప్రకారం, సర్వర్ 50 శాతం నిండితే పని పూర్తికావడానికి పట్టే సమయం ఖాళీగా ఉన్నప్పటికన్నా రెండింతలు. 80 శాతానికి అయిదింతలు, 90కి పదింతలు, 95కి ఇరవై ఇంతలు. 90 నుంచి 95కి వెళ్ళే ఆ అయిదు శాతంలోనే సమయం రెట్టింపవడం గమనించండి.

ఇలాంటి కొలతల్లో జర్మనీకి పాత అనుభవమే ఉంది. అమీర్‌పేటలో శాప్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న వాళ్ళకు అమ్మకాల పని చూసే ఎస్‌డీ మాడ్యూల్ తెలుసు. వాల్డార్ఫ్‌లోని ఆ కంపెనీ యంత్రాల సత్తా కొలవడానికి అదే అమ్మకాల పనిని బెంచ్‌మార్క్‌గా 1993 నుంచి వాడుతోంది. అందులోంచి పుట్టిన ప్రమాణమే శాప్స్: 100 శాప్స్ అంటే గంటకు 2,000 ఆర్డర్ లైన్లు పూర్తిగా నడపగల శక్తి. ఈ కొలతలో నాకు నచ్చేది రెండు సంగతులు. కొలిచేది ప్రాసెసర్ వేగాన్ని కాదు, వ్యాపారంలో పూర్తయిన పనిని. పైగా సగటు స్పందన ఒక సెకను లోపు ఉంటేనే ఆ ఫలితం చెల్లుతుంది. మీ పరీక్షకు కూడా ఇలాంటి వాక్యం ఒకటి ముందే రాసిపెట్టుకోవాలి: సెకనుకు 97 దరఖాస్తులు, నూటికి 99 రిక్వెస్టులు సెకను లోపు, తప్పులు వెయ్యికి ఒకటికి మించకుండా.

నూటికి 99 అని ఎందుకంటున్నానంటే, సగటు ఇక్కడ కూడా మోసం చేస్తుంది. 99 రిక్వెస్టులకు 0.1 సెకను, ఒక్కదానికి 10 సెకన్లు పడితే సగటు 0.2 సెకను దగ్గర నిలుస్తుంది, చూడముచ్చటగా. కానీ ఒక దరఖాస్తుకు 20 రిక్వెస్టులు అవసరమైతే, ఆ పది సెకన్ల దెబ్బ కనీసం ఒకసారైనా తగిలే వాళ్ళు నూటికి 18 మంది.

ఇప్పుడు టూల్ సంగతి. జేమీటర్, కే6, గాట్లింగ్, లోకస్ట్ అన్నీ ఉచితంగా దొరుకుతాయి, ఏదైనా సరిపోతుంది. జాగ్రత్త ఒక్కటే. వంద మంది కృత్రిమ యూజర్లను పెట్టి, జవాబు వచ్చాకే తర్వాతి రిక్వెస్టు పంపమంటే, సర్వర్ నెమ్మదించగానే పరీక్ష కూడా నెమ్మదిస్తుంది. అసలు జనం అలా సర్దుకుపోరు, కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు. అందుకని యూజర్ల సంఖ్యను కాక, సెకనుకు ఎందరు రావాలన్న వేగాన్ని స్థిరంగా పెట్టండి. 10తో మొదలుపెట్టి 25, 50, 97, 150 దాకా మెట్లుమెట్లుగా పెంచండి. పంపే వేగం పెరుగుతున్నా పూర్తయ్యే పని పెరగని మెట్టు దగ్గర ఆగి, ఆ క్షణంలో ఏది నిండిపోయిందో వెతకండి. దాన్ని సరిచేశాక మళ్ళీ మొదటి మెట్టు నుంచి నడపాలి. అప్పుడు ఇరుకు ఇంకో చోట బయటపడుతుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, రెండు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు.

తొలి గంట గడిచినంత మాత్రాన లెక్క తీరదు. 2022 జూలై 1న జర్మనీ ఆస్తిపన్ను కొత్త లెక్కింపు మొదలైంది. దాదాపు 3 కోట్ల 60 లక్షల ఆస్తులకు యజమానులు వివరాలివ్వాలి, ఎక్కువమందికి దారి ఎల్‌స్టర్ అనే పన్నుల పోర్టలే. అక్టోబర్ 31 దాకా 123 రోజులకు పంచితే సగటు సెకనుకు 3.4. జూలైలోనే పోర్టల్ రద్దీకి తట్టుకోలేకపోయింది. తర్వాత గడువును 2023 జనవరి 31కి, బవేరియాలో ఏప్రిల్ 30కి పొడిగించారు. గడువున్న సైటుకు సాధారణంగా రద్దీ శిఖరాలు రెండుంటాయి: ఒకటి మొదట్లో, ఇంకొకటి గడువు చివర. మొదటి రోజు వచ్చేవాళ్ళకు ఇంకా వ్యవధి ఉంటుంది, రేపు చూద్దామని వెళ్ళిపోగలరు. ఆఖరి రోజు రాత్రి పదకొండు గంటలకు కూర్చున్న మనిషికి రేపు లేదు. పైగా అప్పటికి డేటాబేస్‌లో కోట్ల వరుసలు పేరుకుని ఉంటాయి, ఖాళీ టేబుల్ మీద 100 మిల్లీసెకన్లలో వచ్చిన జవాబు అదే వేగంతో రాకపోవచ్చు. అందుకే ఇలాంటి సైటుకు రెండో పరీక్షను నిండిన డేటాబేస్ మీద, గంటల తరబడి నడపాలి.