బర్లాము, జోసఫాతుల చరిత్ర: పునీతుల గాథలను చదువవలసిన విధము

పునీతుల చరిత్రలను చదివే ప్రతి సేవకునికి, ప్రతి వేదాంత విద్యార్థికి ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. ఇందులో చరిత్ర ఎంత? తరతరాలుగా వచ్చి చేరిన కథ ఎంత? వీటిని ప్రసంగవేదికపై ఏ విధంగా వాడుకోవాలి? "లెజెండ్" అనే మాటకు మూలమైన లాటిను పదానికి "చదువవలసినది" అని మాత్రమే అర్థం. పునీతుని పండుగనాడు ఆరాధనలోను, మఠాలలోను బిగ్గరగా చదివి వినిపించే భాగానికి ఆ పేరు వచ్చింది. కల్పన అనే భావం ఆ మాటలో మొదట లేదు. ఈ వ్యాసంలో మన దేశంతోనే సంబంధమున్న ఒక గాథను ఉదాహరణగా తీసికొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. గాథ

మధ్యయుగాల ఐరోపాలో బర్లాము, జోసఫాతుల చరిత్ర ఎంతో ప్రసిద్ధి పొందింది. ఆ కథ ప్రకారం భారతదేశంలో అబెన్నెరు అనే రాజు క్రైస్తవులను హింసించేవాడు. అతనికి కుమారుడు పుట్టినప్పుడు ఈ బిడ్డ క్రైస్తవుడవుతాడని ఒక జ్యోతిష్కుడు చెప్పాడు. రాజు భయపడి, వ్యాధి, వార్ధక్యం, మరణం కుమారుని కంటబడకుండా అతనిని ఒక భవనంలో ఉంచాడు. అయినా రాజకుమారుడు బయటికి వెళ్ళినప్పుడు రోగపీడితుని, గ్రుడ్డివానిని, ముదుసలిని చూచాడు. బర్లాము అనే సన్యాసి వర్తకుని వేషంలో, అమూల్యమైన రత్నం తెచ్చానని చెప్పి లోనికి ప్రవేశించి, అతనికి సువార్త బోధించి బాప్తిస్మమిచ్చాడు. తుదకు తండ్రి కూడా మారుమనస్సు పొందాడు. జోసఫాతు సింహాసనం విడిచి అరణ్యానికి వెళ్ళాడు.

ఇది ఎవరి కథో తెలుగు పాఠకునికి చెప్పనక్కరలేదు. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళే ఘట్టాన్ని అమరావతి, నాగార్జునకొండ శిల్పులు రాతిలో చెక్కారు. బర్లాము చెప్పిన ఉపమానాలలో ఒకటి కూడా మనకు పరిచితమే. బావిలో వ్రేలాడుతూ, తాను పట్టుకొన్న ఆధారాన్ని ఎలుకలు కొరుకుతున్నా, తేనెచుక్కల రుచిలో మైమరచిన మనిషి కథ అది. మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి చెప్పినది అదే.

2. పేరు చేసిన ప్రయాణము

"బోధిసత్త్వ" అనే పదం మధ్య ఆసియా మీదుగా అరబ్బీలో "బూధాసఫ్" అయింది. అరబ్బీ లిపిలో బకారానికి అడుగున ఒక చుక్క, యకారానికి రెండు చుక్కలు ఉంటాయి. ఒక చుక్క తేడాతో అది "యూధాసఫ్"గా మారింది. జార్జియా భాషలో అది "యోదసఫ్", గ్రీకులో "యోవాసఫ్", లాటినులో "జోసఫాతు" అయింది. కథ క్రైస్తవ రూపం ధరించినది జార్జియా భాషలోనే. అథోసు కొండపై నివసించి 1028లో మరణించిన యూథిమియసు అనే సన్యాసి దానిని గ్రీకులోనికి తెచ్చాడని నేడు పండితులు ఎక్కువగా అంగీకరిస్తారు. చాలాకాలం మాత్రం దానిని దమస్కు యోహాను రచనగా భావించారు. 1048లో లాటిను అనువాదం వెలువడింది. రోమన్ కతోలిక సంఘపు హతసాక్షుల పట్టిక పూర్వపు ముద్రణలలో నవంబరు 27న ఈ ఇద్దరి పేర్లు కనబడతాయి. 1623లో విటెబ్స్క్‌లో చంపబడిన బిషప్పు జోసఫాతు వేరు. ఆయన చారిత్రక పురుషుడు.

ఇందులో ఎవరూ బుద్ధిపూర్వకంగా మోసం చేయలేదని మనం గమనించాలి. ప్రతి అనువాదకుడు తనకు అందిన కథను తన విశ్వాసపు భాషలో చెప్పాడు, అంతే.

3. సంఘములోనే జరిగిన పరిశోధన

ఈ పోలికను 17వ శతాబ్దారంభంలోనే పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దో కౌతో గుర్తించాడు. అయితే బుద్ధుని కథే జోసఫాతు కథనుండి పుట్టిందని అతడు తలంచాడు. 1859లో లాబులే, 1860లో లీబ్రెఖ్ట్ అసలు క్రమాన్ని నిరూపించారు.

పునీతుల చరిత్రలను జల్లెడపట్టే పని సంఘానికి వెలుపలివారే చేశారనుకోవడం సరికాదు. యేసుసభకు చెందిన జాన్ బొల్లాండు 1643లో పునీతుల చరిత్రల మహాసంపుటాలను ప్రారంభించాడు. ఆయన అనుచరులైన బొల్లాండిస్టులు వ్రాతప్రతులను పోల్చిచూచి పాత మూలాలను వెదకారు. దీనికి వారు మూల్యం చెల్లించవలసి వచ్చింది. కార్మెలు సభను ఏలీయా ప్రవక్త స్థాపించాడనే సంప్రదాయాన్ని పాపెబ్రోకు అంగీకరించనందున, 1695లో స్పెయిన్ విచారణ సభ వారి సంపుటాలను ఖండించింది. 1905లో బొల్లాండిస్టు డెలహే గాథలు ఎలా పుడతాయో వివరిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు. పునీతుని సమాధి స్థలం, జ్ఞాపకార్థ దినం అనే రెండింటికి గాథకంటె ఎక్కువ విలువ ఉన్నదని ఆయన బోధించాడు. 1969లో ఆరాధన క్యాలెండరు సవరించినప్పుడు పునీత క్రిస్టోఫరు వంటివారి పండుగలు సార్వత్రిక క్యాలెండరునుండి తొలగించబడ్డాయి.

4. గాథలో దాగిన రత్నము

అయితే కల్పన అని తేలినదంతా పారవేయదగినదేనా? జోసఫాతు కథలో నాకోరు అనేవాడు బర్లాము వేషంలో వాదించి కావాలని ఓడిపోవలసి ఉండగా, క్రైస్తవ విశ్వాసాన్ని గొప్పగా సమర్థిస్తాడు. 1889లో సీనాయి కొండవద్దనున్న పునీత కత్తెరీనా మఠంలో రెండెల్ హ్యారిస్ ఒక సిరియాక్ వ్రాతప్రతిని కనుగొన్నాడు. ఏథెన్సుకు చెందిన అరిస్టైడిస్ 2వ శతాబ్దంలో రోమా చక్రవర్తికి వ్రాసిన విశ్వాస సమర్థన అందులో ఉంది. నాకోరు ప్రసంగం ఆ గ్రంథపు గ్రీకు పాఠమేనని ఆర్మిటేజ్ రాబిన్సన్ గుర్తుపట్టాడు. పోయిందనుకొన్న ఒక ఆదిమ క్రైస్తవ రచనను చరిత్ర కాని ఒక కథ శతాబ్దాలపాటు భద్రపరచింది.

5. మన పరిచర్యకు

కాబట్టి ఒక పునీతుని చరిత్రను చేతబట్టినప్పుడు మనం మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఇది సంఘటనకు ఎంత దగ్గరలో వ్రాయబడింది? స్థలం, కాలం, అధికారి పేరు స్పష్టంగా ఉన్నాయా? ఇదే సంఘటన మరొకరి గురించి కూడా చెప్పబడిందా? 203లో కార్తేజిలో చంపబడిన పెర్పెతువ చరిత్రలో ఆమె చెరసాలలో స్వయంగా వ్రాసినదని చెప్పబడే భాగం ఉంది. దానిని, జోసఫాతు కథను మనం ఒకే త్రాసులో తూచలేము.

నేడు మన సంఘంలోని యువకుడు ఈ విషయాన్ని సెల్‌ఫోనులోనే చదవగలడు. కథను చరిత్రగా చెప్పిన బోధకుని వద్ద విన్న తక్కిన మాటలను కూడా అతడు అనుమానించవచ్చు. లూకా తన సువార్త ఆరంభంలో (1:1-4) అన్నిటిని మొదటినుండి తరచి పరిశోధించానని చెప్పుకొన్నాడు. ఆ శ్రద్ధ మనకును అవసరం. కథను కథ అనే చెప్పి, దానిలోని నీతిని బోధించడానికి మనకు ఏ ఆటంకమూ లేదు.