ప్రాచీన చైనా రాజధానుల నిర్మాణం: విశ్వభావన – ప్రతీకాత్మకత

ఉపోద్ఘాతం:
ప్రాచీన చైనా రాజనీతి చింతనలో చక్రవర్తి 'స్వర్గపుత్రుడు'. ఆకాశం అనుగ్రహించిన అధికారంతోనే అతడు పాలిస్తాడని విశ్వసించారు. ధ్రువనక్షత్రం స్థిరంగా ఉండగా తక్కిన నక్షత్రాలు దాని చుట్టూ తిరిగినట్లే, రాజ్యమంతా చక్రవర్తిని కేంద్రంగా చేసుకొని నడవాలన్నది ఈ భావన సారం. కాబట్టి రాజధాని నిర్మాణం విశ్వక్రమాన్ని నేలపై నెలకొల్పే కార్యంగా పరిగణన పొందింది. అయితే ఈ భావన నగరాల రూపాన్ని ఎంతవరకు నిర్ణయించిందన్నది పరిశీలించవలసిన అంశం.

గ్రంథోక్త నమూనా:
'జౌలి' గ్రంథంలో లుప్తమైన ఒక భాగం స్థానంలో హాన్ వంశకాలంలో చేర్చిన 'కావ్‌గోంగ్‌జి' ఆదర్శ రాజధానిని వర్ణిస్తుంది. దాని ప్రకారం నగరం చతురస్రం. ఒక్కొక్క భుజం తొమ్మిది 'లీ'లు. ప్రతి దిక్కున మూడేసి ద్వారాలు. నిలువునా అడ్డంగా తొమ్మిదేసి మార్గాలు. ఎడమవైపు పితృదేవతల ఆలయం, కుడివైపు భూమిధాన్యాల వేదిక, ముందు రాజసభ, వెనుక విపణి ఉండాలి. చక్రవర్తి దక్షిణాభిముఖుడు కనుక ఇక్కడ ఎడమ అంటే తూర్పు. దిక్కులను శంకుచ్ఛాయతో నిర్ధారించాలని కూడా ఆ గ్రంథం విధించింది. ఆకాశం వృత్తం, భూమి చతురస్రం అన్న విశ్వాసానికి నగరాకృతి అనుగుణంగా ఉంది. పన్నెండు ద్వారాలను కాలచక్రంలోని పన్నెండు విభాగాలతో వ్యాఖ్యాతలు అన్వయించారు.

నగరాల సాక్ష్యం:
చిన్ చక్రవర్తి వెయ్ నదిని దాటించి తన ప్రాసాదాన్ని షియాన్యాంగ్‌తో కలిపే మార్గాన్ని, పాలపుంతను దాటే నక్షత్రమార్గానికి ప్రతిరూపంగా తలపెట్టాడని సిమా చియెన్ 'షిజి'లో పేర్కొన్నాడు. హాన్ రాజధాని చాంగాన్ పరిస్థితి వేరు. అక్కడ ప్రధాన ప్రాసాదాలు ముందుగా వెలిశాయి, ప్రాకారాన్ని క్రీ.పూ. 194–190 మధ్య నిర్మించారు. ద్వారాలు పన్నెండే అయినా ప్రాకారం వంకరలు తిరిగింది. ఆ వంకరలలో సప్తర్షి మండలాన్ని దర్శించి, తరువాతి వారు దానికి నక్షత్రనగరమన్న ఖ్యాతి కట్టబెట్టారు. నదీప్రవాహం, ముందే ఉన్న ప్రాసాదాల స్థానం ఆ వంకరలకు సహజమైన కారణాలుగా కనిపిస్తాయి.

సుయి వంశకాలంలో క్రీ.శ. 582లో యువెన్ కై రూపకల్పనతో ఆరంభమైన కొత్త రాజధాని తూర్పుపడమరలుగా సుమారు 9.7, ఉత్తరదక్షిణాలుగా 8.6 కిలోమీటర్లు విస్తరించింది. ఇందులో ప్రాసాదం ఉత్తరాన ధ్రువస్థానంలో నిలిచింది. విపణులు రెండూ దానికి దక్షిణంగా వచ్చాయి. ఇది గ్రంథవిధికి విరుద్ధం.

1267లో మంగోలు పాలకుడు కుబ్లాయ్ ఖాన్ ఆరంభించిన దాదూ నగరం ప్రాచీన నమూనాకు ఎంతో సన్నిహితం. అయినా అక్కడ ద్వారాలు పదకొండే. మింగ్ వంశకాలపు బీజింగ్‌లో పితృదేవాలయం తూర్పున, భూమిధాన్యాల వేదిక పడమట గ్రంథోక్తంగా అమరాయి. 1420 నాటి స్వర్గాలయం దక్షిణాన ఉండగా, 1530లో భూమికి ఉత్తరాన, సూర్యుడికి తూర్పున, చంద్రుడికి పడమట వేదికలు ఏర్పడ్డాయి.

ముగింపు:
చైనా రాజధానులన్నీ ఒకే విశ్వపటానికి ప్రతులన్న సాధారణీకరణను ఈ ఆధారాలు సమర్థించవు. ప్రతీక కొన్నిచోట్ల నిర్మాణానికి ముందే సంకల్పంగా ఉంది. హాన్ చాంగాన్‌లో నిర్మాణం తరువాత వ్యాఖ్యానంగా చేరింది. చైనా సంప్రదాయానికి వెలుపలినుంచి వచ్చిన పాలకుడే ప్రాచీన నమూనాను సన్నిహితంగా అనుసరించడం గమనార్హం. పాలనార్హతను చాటుకోవలసిన అవసరమే అందుకు ప్రేరణ అయి ఉండవచ్చు. అందువల్ల నగరప్రతీకలను అధ్యయనం చేసేవారు గ్రంథవాక్యాన్ని, పురావస్తు సాక్ష్యాన్ని, అన్వయం పుట్టిన కాలాన్ని వేర్వేరుగా పరిశీలించడం అవసరం.