మెయిన్‌ఫ్రేము బ్యాచి జాబు స్థితి పరిశీలన

మెయిన్‌ఫ్రేము కంప్యూటరుకు అప్పగించిన ఒక బ్యాచి జాబు ఆ సమయంలో నడుస్తున్నదా, వరుసలో వేచి ఉన్నదా, లేక ముగిసిపోయినదా అని తెలుసుకొనే ప్రక్రియను జాబు స్థితి పరిశీలన అంటారు. పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు రాత్రివేళ చేసే వడ్డీ లెక్కింపు, బిల్లుల తయారీ వంటి పనులు ఎక్కువగా ఈ జాబుల రూపంలో జరుగుతాయి. నడుస్తున్న జాబును ఆగిపోయిందని పొరబడి మరల అప్పగిస్తే ఒకే వడ్డీ రెండుసార్లు జమ కావచ్చు. ఆగిపోయిన జాబును నడుస్తున్నదని భ్రమిస్తే, దానిపై ఆధారపడిన జాబులన్నీ నిలిచి ఉదయానికి లెక్కలు సిద్ధం కావు. అందువలన ఈ పరిశీలన కంప్యూటరు నిర్వాహకుల ప్రాథమిక విధులలో ఒకటి.

నేపథ్యం

వాడుకరి తెర ముందు కూర్చొని సమాధానాలు ఇవ్వనవసరం లేకుండా మొదటినుండి చివరివరకు తనంతట తాను జరిగే పనిని బ్యాచి జాబు అంటారు. ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 కంప్యూటర్లను ప్రకటించింది. వాటిపై జాబులను వరుసలో పెట్టి నడిపించుటకు 1960లలో అమెరికాలోని హ్యూస్టన్‌లో, నాసా కేంద్రంలో హాస్ప్ అనే సాఫ్టువేరు రూపొందింది. దాని వారసురాలే జెస్2. ఐబీఎం 2000లో ప్రకటించిన జెడ్/ఓఎస్ నిర్వహణ వ్యవస్థలోనూ జాబుల వరుసను చూసేది సాధారణంగా జెస్2 యే.

జాబు దశలు

జాబు వివరాలను జేసీఎల్ అనే భాషలో రాస్తారు. ప్రతి జాబుకు ఎనిమిది అక్షరాలకు మించని పేరు ఉంటుంది. అప్పగించగానే జెస్2 ఒక సంఖ్యను కూడా కేటాయిస్తుంది. తరువాత జాబు ఈ దశలను దాటుతుంది: స్వీకరణ, జేసీఎల్ అనువాదం, అమలు, ఫలితాల వెలువరింత, తొలగింపు.

కొనకనమిట్ల పరిసరాల రైతు పొదిలి పొగాకు వేలం కేంద్రానికి బేళ్లు తెచ్చిన సందర్భాన్ని దీనితో పోల్చవచ్చు. బేళ్లు కేంద్రం లోపలికి చేరినంత మాత్రాన వేలం జరిగినట్లు కాదు, వంతు రావాలి. అలాగే జెస్2 స్వీకరించిన జాబు, తన తరగతికి చెందిన ఇనీషియేటరు ఖాళీ అయినప్పుడే నడుస్తుంది. ఇనీషియేటరు అనగా జాబును ఎంచుకొని అమలు చేయించే వ్యవస్థా భాగం.

పరిశీలించే పద్ధతులు

ఎస్‌డీఎస్‌ఎఫ్: ఇది ఎక్కువగా వాడే సాధనం. ఇందులోని డీఏ తెర ప్రస్తుతం క్రియాశీలంగా ఉన్న జాబులను చూపుతుంది. ఎస్‌టీ తెర అన్ని దశలలోని జాబులనూ చూపుతుంది. ఎస్‌టీ తెరపై వరుస పేరు "ఎగ్జిక్యూషన్" అని ఉన్నా, జాబు ఇంకా వేచి ఉండవచ్చు. అది ఏ కంప్యూటరుపై నడుస్తున్నదో తెలిపే గడి నిండి ఉంటేనే నిజంగా నడుస్తున్నట్లు.

టీఎస్‌ఓ స్టేటస్ ఆదేశం: జాబు పేరు ఇస్తే అది నడుస్తున్నదో, అమలుకై వేచి ఉన్నదో, ఫలితాల వరుసలో ఉన్నదో ఒక వాక్యంలో తెలుపుతుంది.

కన్సోలు ఆదేశాలు: ఆపరేటర్లు డిస్‌ప్లే ఆదేశాల ద్వారా నేరుగా నిర్వహణ వ్యవస్థనుగాని, జెస్2 ను గాని అడుగుతారు.

రెక్స్ ప్రోగ్రాము: ఎస్‌డీఎస్‌ఎఫ్ సమాచారాన్ని రెక్స్ భాష ద్వారా చదివి పరిశీలనను యాంత్రికం చేయవచ్చు.

సాధారణ పొరపాట్లు

తెరపై జాబు కనిపించలేదంటే అది లేదని అర్థం కాదు. పేరు, యజమాని ఆధారంగా పెట్టిన వడపోతలు దానిని దాచి ఉండవచ్చు. అనేక కంప్యూటర్లు కలసి పనిచేసే సిస్‌ప్లెక్సులో జాబు వేరొక కంప్యూటరుపై నడుస్తూ ఉండవచ్చు.

ఒకే పేరుతో రెండు జాబులు ఉండవచ్చు. సాధారణ అమరికలో మొదటిది ముగిసేవరకు జెస్2 రెండవదానిని ఆపి ఉంచుతుంది. ఈ అమరికను మార్చుకొనే వీలున్నది. కావున పేరుతోపాటు జాబు సంఖ్యను కూడా సరిచూడాలి.

నడుస్తున్న జాబు ముందుకు సాగుతున్నదని చెప్పలేము. వేరొక జాబు పట్టి ఉంచిన డేటాసెట్ కొరకో, టేపు కొరకో అది నిరీక్షిస్తూ ఉండవచ్చు. కొద్ది నిమిషాల వ్యవధిలో రెండుసార్లు చూసి, వాడిన సీపీయూ కాలం, ఇన్‌పుట్-అవుట్‌పుట్ లెక్క పెరిగాయేమో పోల్చాలి. రెండూ కదలకుంటే నిరీక్షణకు కారణం వెదకాలి.

వరుసలో లేని జాబు విజయవంతమైందని కూడా భావించరాదు. రిటర్న్ కోడ్ 0 అయితే సాధారణంగా సవ్యంగా ముగిసినట్లు. ఎస్222 అనునది ఆపరేటరు రద్దు చేసినట్లు, ఎస్322 కాలపరిమితి దాటినట్లు, ఎస్0సీ7 సంఖ్య ఉండవలసినచోట చెల్లని డేటా ఉన్నట్లు సూచిస్తాయి. మరల అప్పగించే ముందు, ఆగిన జాబు అప్పటికే ఏ మేరకు రికార్డులను మార్చినదో నిర్ధారించుకోవాలి.

తెలుగునాట మెయిన్‌ఫ్రేము

1990ల చివర వైటూకే సమస్య వలన పాత కోబాల్ ప్రోగ్రాములను సరిచేసేవారికి గిరాకీ పెరిగింది. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ సంస్థలలో కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్ నేర్చుకొన్న అనేకమంది తెలుగు యువకులు ఈ రంగంలో ప్రవేశించారు. భారతదేశంలో పగలు పనిచేసేవారికి అమెరికాలో అది రాత్రి కావడం వలన, అక్కడి రాత్రి జాబుల పర్యవేక్షణ చాలావరకు ఇక్కడి ఉద్యోగుల బాధ్యత అయినది.