రెండు గంటల దూరం, పదమూడు గంటల ప్రయాణం

నేను శ్రీ విజయపురంలో (పాత పోర్ట్ బ్లెయిర్) పనిచేస్తున్నప్పటి మాట. తుష్నాబాద్ నుంచి ఒక ఖాతాదారుడు బ్రాంచి తెరవగానే డబ్బు తీసుకోవడానికి వచ్చారు. శ్రీకాకుళంలో తల్లిని ఆసుపత్రిలో చేర్చారట, ఆపరేషన్ చేయాలన్నారట. "ఎంతసేపట్లో చేరతాను సార్?" అని అడిగారు. ధైర్యం చెబుదామని "విమానంలో రెండు గంటలేగా" అన్నాను. ఆయన అదే మాట తమ్ముడికి ఫోన్‌లో చెప్పారు. అన్నయ్య వచ్చాకే సంతకం పెడదామని అక్కడివాళ్ళు సాయంత్రం దాకా ఆగారు. ఈయన చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

నేను చెప్పింది అబద్ధం కాదు గానీ, సగం నిజం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకు దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. కాబట్టి ఈ లెక్క చాలా ఇళ్ళకు అవసరం.

ముందు దూరం. ఇక్కడి వీర్ సావర్కర్ విమానాశ్రయం నుంచి ఆకాశమార్గంలో విశాఖ సుమారు 1,220 కిలోమీటర్లు, చెన్నై 1,370, హైదరాబాద్ 1,660. అంటే చెన్నై కన్నా విశాఖే దగ్గర. కానీ ఆ రోజు విశాఖకు నేరుగా విమానం లేదు. చెన్నై మీదుగా వెళితే మరో 620 కలిసి దాదాపు 1,990 అవుతుంది.

ఇక సమయం. జెట్ విమానం గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే, చెన్నైకి గంటా నలభై నిమిషాలు చాలాలి. కానీ టికెట్ మీద వేసే సమయంలో రన్‌వే దాకా నడవడం, పైకి ఎక్కడం, దిగడం, ఆగే చోటు చేరడం అన్నీ ఉంటాయి. అందుకే అది రెండుంబావు గంటల దాకా వస్తుంది. గాలి కూడా లెక్కలోకి వస్తుంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి వీస్తుంది. అది చెన్నై వెళ్ళే విమానాన్ని ముందుకు నెడుతుంది, తిరిగి వచ్చేదానికి ఎదురవుతుంది.

ఇప్పుడు గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేద్దాం. తుష్నాబాద్ నుంచి విమానాశ్రయానికి గంటన్నర పెట్టుకోవాలి. చెక్-ఇన్, తనిఖీలకు రెండు గంటలు. చెన్నైకి రెండుంబావు. అక్కడ మరో విమానం కోసం మూడు గంటలు. విశాఖకు గంటన్నర. బ్యాగు అందుకుని రోడ్డు మీద శ్రీకాకుళం చేరడానికి మూడు గంటలు. మొత్తం పదమూడుంబావు గంటలు! ఇందులో గాలిలో ఉన్నది నాలుగు గంటలైనా కాదు. ఓడలో అయితే విశాఖకు రెండు రోజుల పైనే.

అందుకని మూడు మాటలు గుర్తుంచుకుందాం. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో తీసుకోవాలి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ నష్టం మనదే. అత్యవసర ప్రయాణానికి సరిపడా డబ్బు ఖాతాలో విడిగా ఉంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎదురుచూసేవాళ్ళకు విమానం గంటలు కాదు, గుమ్మం చేరే గంటలు చెప్పాలి.

ఆ తల్లికి ఆపరేషన్ ఆ రాత్రే జరిగింది. కొడుకు ఫోన్‌లో సరే అన్నాక తమ్ముడే సంతకం పెట్టాడు. ఆమె కోలుకున్నారు. నెల తరవాత ఆయన బ్రాంచికి వచ్చి, నన్నేమీ అనకుండా పాస్‌బుక్ ఇచ్చి నవ్వారు. ఆనాటి నుంచి కౌంటర్ దగ్గర ఎవరైనా "ఎంతసేపు సార్?" అంటే, "ఏ ఊళ్ళో, ఎవరింటికి?" అని అడిగాకే జవాబు చెబుతున్నాను.