కైసరయ తీరంలో రెండేళ్ల ఖైదు

ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్, హైఫా నగరాల మధ్య మధ్యధరా సముద్రతీరాన ఉన్న ప్రాచీన పట్టణం కైసరయ. పవిత్రదేశ యాత్రకెళ్లిన తెలుగు విశ్వాసులు ఇక్కడ కాసేపు ఆగి, ఫొటోలు తీసుకుని బస్సెక్కేస్తుంటారు. కాని బైబిలు చేతబట్టుకుని నిదానంగా నడిస్తే ఇక్కడి రాళ్లు చాలా సంగతులు చెబుతాయి.

హేరోదు రాజు సుమారు క్రీ.పూ. 22లో ఈ పట్టణ నిర్మాణం మొదలుపెట్టి, రోమా చక్రవర్తి ఔగుస్తు కైసరు మెప్పుకోసం ఆయన పేరే పెట్టాడు. ఇటలీ నుండి అగ్నిపర్వతపు బూడిద తెప్పించి, నీళ్లలోనే గట్టిపడే కాంక్రీటుతో రేవు కట్టించాడు. ఆ మహా రేవు ఇప్పుడు చాలామట్టుకు నీళ్లలో మునిగి ఉంది! దాని శిథిలాలను డైవింగ్ తెలిసినవారు చూసేందుకు 2006లో సముద్రం అడుగున ఒక పార్కు ఏర్పాటు చేశారు.

ఒడ్డున దాదాపు 4 వేలమంది కూర్చునే రోమా నాటకశాల ఉంది. పొంతి పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో ఇక్కడే బయటపడింది. యేసుప్రభువును సిలువకు అప్పగించిన అధికారి పేరున్న ఆ రాయిని తర్వాతి తరాలవారు మెట్టుగా వాడుకున్నారు! అసలు రాయి యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. ఇక్కడ దాని నమూనా పెట్టారు. పట్టణానికి ఉత్తరాన, కర్మెలు పర్వతపాదాల నుండి నీళ్లు తెచ్చిన రోమా కాలువ కమానులు ఇసుక తీరం వెంట బారులు తీరి కనిపిస్తాయి.

అయితే విశ్వాసి ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు మరొకటుంది. అది సముద్రంలోకి చొచ్చుకుపోయిన హేరోదు రాజభవనం. తరువాత అది రోమా గవర్నర్ల అధికార మందిరమైంది. అపొస్తలుడైన పౌలును హేరోదు అధికార మందిరంలో కావలిలో ఉంచారని బైబిలు చెబుతోంది (అపొ.కా. 23:35). గవర్నరు ఫేలిక్సు అతన్ని విడుదల చేయలేదు, శిక్షించనూ లేదు. మాటిమాటికీ పిలిపించి మాట్లాడేవాడు. ఎందుకని? పౌలు తనకేమైనా డబ్బిస్తాడేమోనని! (24:26). అలా రెండేళ్లు గడిచిపోయాయి.

ఈ కథ మనకు కొత్తదా? ఫైలు కదలాలంటే చెయ్యి తడపాలంటారు. ‘అందరూ ఇచ్చేదేగా, మనమిస్తే తప్పేంటి?’ అని విశ్వాసులూ సర్దుకుపోతుంటారు. పౌలుకు సాయం చేసేవాళ్లు లేక కాదు. సువార్తికుడైన ఫిలిప్పు ఇల్లు ఆ ఊళ్లోనే ఉంది. స్నేహితులు వచ్చి పరిచర్య చేసుకోవచ్చని ఫేలిక్సే అనుమతిచ్చాడు. అయినా ఆ డబ్బు ముట్టినట్టు లేఖనంలో ఎక్కడా లేదు. పౌలు అతనికిచ్చింది ఒక్కటే, నీతిని గూర్చి, ఆశానిగ్రహాన్ని గూర్చి, రాబోయే తీర్పును గూర్చి బోధ. సంకెళ్లలో ఉన్నవాడు స్థిరంగా ఉన్నాడు, న్యాయపీఠం మీదున్నవాడు భయపడ్డాడు!

ఆ రెండేళ్లు వృథా కాలేదు. ఆ బంధకాలతోనే పౌలు అగ్రిప్ప రాజు ఎదుట సాక్ష్యమిచ్చాడు, రోమాకు ప్రయాణమయ్యాడు.

కొన్ని శతాబ్దాల తర్వాతి సంగతి. కైసరయలో పురావస్తు శాస్త్రజ్ఞులు బైజాంటిన్ కాలంనాటి ఒక ప్రభుత్వ భవనాన్ని తవ్వి తీశారు. అది పన్నుల కార్యాలయమని పండితుల అభిప్రాయం. దాని నేలమీద చిన్నచిన్న రాళ్లు పొదిగి గ్రీకు అక్షరాల్లో ఒక వాక్యం రాశారు. అధికారికి భయపడకుండా బతకాలంటే మేలు చేయమన్న పౌలు మాట అది (రోమా 13:3). ఏ ఊళ్లో అధికారి లంచం కోసం కాచుకు కూర్చున్నాడో, అదే ఊళ్లో ఖైదీ మాట సర్కారు కార్యాలయానికెక్కింది!

ఆలస్యమైన న్యాయం మనల్ని కుంగదీస్తుంది, నిజమే. మన దరఖాస్తు ఏ బల్లమీదో ఆగిపోయిన రోజున కైసరయను జ్ఞాపకం చేసుకుందాం. అడ్డదారిలో తెరుచుకునే తలుపుకన్నా, దేవుడు తెరిచేదాకా ఆగిన ఖైదే మేలు.